కూల్చే ముందు ప్రాగ్ చూడవలెను

కొమ్ములపేట గంటస్తంభాన్ని కూల్చడానికి పెద్ద అడ్డంకులేమీ లేవు. స్తంభం ఊరి నడిబొడ్డున ఉంది, దాని వయసు నూట రెండేళ్లు, దాని తరఫున మాట్లాడేవాళ్లెవరూ లేరు. ఆ జాగాలో ఎర్రటి గుండె బొమ్మతో "ఐ లవ్ కొమ్ములపేట" అనే నిలువెత్తు అక్షరాలు పెట్టించాలని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. చుట్టుపక్కల పట్టణాలన్నింటికీ అప్పటికే అలాంటి అక్షరాలు వచ్చేశాయి. ఊరి మీద ప్రేమ ఉందా లేదా అని ఎవరూ అడగరు గాని, అక్షరాలు లేకపోతే మాత్రం జిల్లా మీటింగుల్లో తలెత్తుకోలేకపోతున్నారు.

ఉన్న అడ్డల్లా ఒక్కటే. కొత్తగా వచ్చిన జీవో. నూరేళ్లు దాటిన ఏ కట్టడమునైనను కూల్చదలచిన స్థానిక సంస్థ, కూల్చుటకు పూర్వము, పురాతన కట్టడములను కాపాడుకొను విధానమును ఐరోపా ఖండమందలి ఏదేని ఒక రాజధానీ నగరమున స్వయముగా దర్శించి అవగాహన పొందవలెను. పొందినట్లు రుజువైన మరుక్షణం కూల్చివేతకు అనుమతి దానంతటదే వచ్చేస్తుంది. అవగాహన లేకుండా కూలిస్తే నేరం, అవగాహనతో కూలిస్తే అభివృద్ధి.

ఈ జీవోను కొమ్ములపేటలో పూర్తిగా చదివినవాడు ఒక్కడే. అతని పేరు నడకుదుటి పుల్లేశ్వరరావు, పురపాలక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఫైల్లో ఒక్క అబద్ధం రాసి ఎరగడు. అందుకే సీనియర్ అసిస్టెంటుగానే మిగిలిపోయాడని గిట్టనివాళ్లూ, గిట్టినవాళ్లూ కూడా అంటారు. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు.

పుల్లేశ్వరరావు ప్రతి శుక్రవారం పొద్దున్నే అరవై నాలుగు మెట్లెక్కి గంటస్తంభంలోని గడియారానికి కీ ఇచ్చి వస్తాడు. అది అతని డ్యూటీ కాదు. అతని తండ్రి అంకయ్య ఆ పనికే జీతం తీసుకునేవాడు. ఆయన పోయాక పోస్టు కూడా పోయింది. ఇనుప హ్యాండిలు మాత్రం ఇంట్లో మిగిలింది. దాన్ని పట్టుకుని తిప్పుతుంటే తండ్రి అరచేయి తగిలినట్టే ఉంటుంది పుల్లేశ్వరరావుకి. ఆ గడియారం ఆగిపోతే నాన్న రెండోసారి పోయినట్టేనని అతని దిగులు. ఈ దిగులు ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవడానికి తగిన ప్రొఫార్మా ఏదీ ఆఫీసులో లేదు.

తీర్మానం అయిన రోజు మాత్రం ధైర్యం చేసి ఫైల్లో ఒక నోట్ రాశాడు. గడియారం నడుచుచున్నది, వారమునకు రెండు నిమిషములు మాత్రమే వెనకబడుచున్నది, కావున పరిశీలించ ప్రార్థన అని. కమిషనర్ దక్షిణామూర్తి దాని పక్కన ఆకుపచ్చ సిరాతో "చూడడమైనది" అని రాసి సంతకం పెట్టాడు. చూసింది నోటును, గడియారాన్ని కాదు.

జీవో చదివాక పుల్లేశ్వరరావుకు కొండంత ఆశ కలిగింది. ప్రభుత్వం ఎంత తెలివైందో అనుకున్నాడు. ఇంత దూరం వెళ్లి, వందల ఏళ్లనాటి కట్టడాలను జనం ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో కళ్లారా చూశాక, ఏ మనిషైనా ఇంటికొచ్చి గునపం పడతాడా? రాజధానుల జాబితాలో ప్రాగ్ కనిపించేసరికి అతని ప్రాణం లేచి వచ్చింది. ఆ ఊళ్లో ఆరువందల ఏళ్ల గడియారం ఒకటి ఇంకా నడుస్తోందని అతనికి తెలుసు. కమిషనర్ గారి ముందు జాబితా పెట్టేటప్పుడు ప్రాగ్ కింద పెన్సిలుతో సన్నగా ఒక గీత గీశాడు. పై అధికారులు గీత ఉన్నచోటే సంతకం పెడతారని ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నాడు.

అనుకున్నట్టే అయింది. చైర్‌పర్సన్ సీతారావమ్మ గారు, కమిషనర్, ఆరుగురు వార్డు మెంబర్లు, మొత్తం ఎనిమిది మందితో అవగాహన బృందం తయారైంది. ఫోటోలు తీయడానికీ, రికార్డు రాయడానికీ ఒక మనిషి కావాలి కాబట్టి తొమ్మిదోవాడుగా పుల్లేశ్వరరావు.

"అన్నయ్యగారూ, అక్కడ అన్నం దొరుకుద్దంటారా?" అని సీతారావమ్మ గారు అడిగింది ఒకటే ప్రశ్న.

"దొరక్కపోయినా పర్లేదు మేడమ్," అన్నాడు కమిషనర్. "అవగాహనకు భోజనంతో సంబంధం లేదని జీవోలోనే ఉంది."

*

అవగాహనను రుజువు చేయడానికి "దర్శిని" అని ఒక యాప్ ఉంది. ఇరవై ఒక్క చారిత్రక కట్టడాలు, ఒక్కోదానికి పది నిమిషాల గడువు. గడువులోపల ఫోటో ఎక్కించకపోతే ఆ గడి ఎర్రబడి మూసుకుపోతుంది. ఫోటోలో పన్నెండడుగుల ఫ్లెక్సీ బ్యానర్ ఉండాలి, బృంద సభ్యులందరి ముఖాలూ స్పష్టంగా కనిపించాలి. ముఖాల నిబంధన పెట్టడానికి కారణం ఉంది. అంతకుముందు వేరే ఊరివాళ్లు ఎక్కడికో వెళ్లి కట్టడాల వైపు చూస్తూ, కెమెరాకు వీపులు పెట్టి దిగారట. తీరా చూస్తే ఆ వీపుల్లో సగం బావమరుదులవని తేలింది. అప్పట్నుంచి కట్టడానికి వీపు, కెమెరాకు ముఖం.

ప్రాగ్‌లో వాళ్లకు దొరికిన గైడు యిట్కా అనే పెద్దావిడ. పసుప్పచ్చ గొడుగు ఎత్తి పట్టుకుని ముప్పై ఏళ్లుగా అదే రాళ్ల వీధుల్లో నడుస్తోంది. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడుతుంది. మొదటి ఉదయం చార్లెస్ వంతెన మీద నిలబెట్టి, నది గురించీ, వంతెనకు అటూ ఇటూ ఉన్న ముప్పై విగ్రహాల గురించీ చెప్పబోయింది.

కమిషనర్ చేయెత్తాడు. "మేడమ్, ఒక స్పష్టీకరణ. ఇది ఒక కట్టడం కిందికి వస్తుందా, ముప్పై కట్టడాల కిందికి వస్తుందా?"

"వంతెన ఒకటే," అంది యిట్కా.

"అయ్యో. ముప్పై కింద రాసుకునే వీలుంటే ఇవాళ మధ్యాహ్నానికే అవగాహన పూర్తయ్యేది." కమిషనర్ మనస్ఫూర్తిగా బాధపడ్డాడు.

బ్యానర్ విప్పారు. నది మీది గాలికి అది నిలవలేదు. ఇద్దరు వార్డు మెంబర్లు చెరో కర్రా పట్టుకుని, గాలి ఎటు తోస్తే అటు నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చారు. ఎనిమిది మందీ వంతెనకు వీపు పెట్టి వరసగా నిలబడ్డారు. పుల్లేశ్వరరావు నొక్కాడు. గడి పచ్చబడింది. "పచ్చబడింది సార్," అన్నాడు. బృందం బస్సు వైపు బయల్దేరింది.

కోట అయింది. కోటలోని పెద్ద చర్చి అయింది. నల్లటి రాతి బురుజు అయింది. రెండో రోజుకు పని రాటుదేలింది. బస్సు ఆగడం, బ్యానర్ దిగడం, ఎనిమిది నవ్వులు, ఒక నొక్కు, బస్సు కదలడం. మొత్తం నాలుగు నిమిషాలు. మిగిలిన ఆరు నిమిషాల్లో సీతారావమ్మ గారు డబ్బాలోంచి పులిహోర పెట్టేవారు. దారిన పోయే విదేశీయులు ఆ బ్యానర్ మీది రంగురంగుల ముఖాలు చూసి ఇదేదో ఉత్సవమనుకుని, దాని ముందు నిలబడి తామూ ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. ఒకచోటయితే వరస కట్టారు. పట్టుచీర కట్టుకుని మధ్యలో ఉన్న సీతారావమ్మ గారిని చూసి ఎవరో మహారాణి అనుకున్నారు. ఆవిడ ఆ అపోహను సరిదిద్దలేదు.

పద్నాలుగో కట్టడం ఒక పాత చర్చి. మరమ్మతులు జరుగుతున్నాయి. చుట్టూ కర్రలతో పరంజా కట్టి, దాని మీద అదే చర్చి బొమ్మ అచ్చువేసిన పెద్ద గుడ్డ పరిచారు. యిట్కా నొచ్చుకుంటూ, "క్షమించండి, ఇప్పుడు కనిపించేది బొమ్మ మాత్రమే," అంది.

మూడు రోజుల్లో మొదటిసారి కమిషనర్ దక్షిణామూర్తి వెనక్కి తిరిగి చూశాడు. చూసి చకితుడయ్యాడు. "అద్భుతం! అంటే, కట్టడం లేకపోయినా కట్టడం బొమ్మ ఉంటే సరిపోతుందన్నమాట! ఏవండీ పుల్లేశ్వర్రావుగారూ, రాసుకోండి. అవగాహన అంటే ఇదీ!"

పుల్లేశ్వరరావు రాసుకున్నాడు. గంటస్తంభం బొమ్మను గుడ్డ మీద అచ్చువేయించి, ఎర్ర గుండె పక్కన కట్టిస్తారని అతనికి అక్కడే అర్థమైంది. వేరే ఏం నేర్చుకున్నా బాగుండేది. ఏరికోరి ఇదొక్కటే నేర్చుకున్నాడు మహానుభావుడు.

బస్సెక్కే ముందు యిట్కా అతని పక్కకొచ్చింది. "మీవాళ్లు ఎందుకు ఒక్కసారీ వెనక్కి తిరగరు?"

"రూలు ఒప్పుకోదమ్మా."

"ఈ ఊళ్లో ఎన్నో ప్రభుత్వాలు చూశాను," అందావిడ. "కొన్ని చాలా చెడ్డవి. చూడొద్దనే రూలు మాత్రం ఎవరూ పెట్టలేదు."

పుల్లేశ్వరరావుకు సిగ్గేసింది. మాట మార్చడానికి, తన మనసులో ఎప్పట్నుంచో ఉన్న ప్రశ్న అడిగేశాడు. "మీ పెద్ద గడియారం ఉంది కదమ్మా, దాన్ని చూసుకునేదెవరు?"

యిట్కా నడక ఆపింది. ముప్పై ఏళ్లలో ఎంతమంది తినుబండారాల గురించీ, మరుగుదొడ్ల గురించీ అడిగారో లెక్కలేదు గాని, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదంది. దానికంటూ ఒకాయన ఉన్నాడనీ, దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడనీ చెప్పింది. "మీరెందుకు అడిగారు?"

"మా ఊళ్లో ఆ ఒకాయన్ని నేనేనమ్మా," అన్నాడు పుల్లేశ్వరరావు. ఆ మాట ఇంగ్లీషులో సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు గాని, యిట్కా గొడుగు చంకలో పెట్టుకుని అతని చేయి రెండు చేతులతో పట్టుకుంది.

*

గడియారం ఇరవై ఒకటోది. చివరి రోజు పదకొండూ ముప్పావుకే బృందం అక్కడికి చేరింది. యాప్‌లో గడువు సరిగ్గా పన్నెండుకు తెరుచుకుంటుంది. ఆ గడువు వేళలు నింపి పంపింది పుల్లేశ్వరరావే. గంట కొట్టే వేళకు పైనున్న రెండు కిటికీలు తెరుచుకుంటాయనీ, అపొస్తలుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కిందికి చూసి వెళతాయనీ, పక్కనున్న అస్థిపంజరం గంట తాడు లాగుతుందనీ, ఆఖర్న కోడి కూస్తుందనీ యిట్కా ముందే చెప్పింది. అది చూశాక కమిషనర్ గుండె కరక్కపోతే ఇంక ఎప్పటికీ కరగదు. పుల్లేశ్వరరావు పథకమల్లా అదే.

చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. అందరూ మెడలు పైకెత్తి ఎదురుచూస్తున్నారు. వాళ్ల మధ్య ఎనిమిది మంది మాత్రం గడియారానికి వీపు పెట్టి, బ్యానర్ పట్టుకుని, పుల్లేశ్వరరావు చేతిలోని ఫోను వైపు చూస్తూ నిలబడ్డారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"సార్, ఒక్క నిమిషం వెనక్కి తిరిగి చూడండి సార్. తర్వాత తీస్తాను," అన్నాడు.

"కుదరదండీ. తిరిగినప్పుడు గడువు దాటితే?"

"మేడమ్, మీరైనా..."

"నా కొప్పు సరిగ్గా ఉందా అన్నయ్యగారూ? ఉంటే తియ్యండి, మెడ నొప్పెడతంది."

పన్నెండయింది.

అస్థిపంజరం తాడు లాగింది. కిటికీలు తెరుచుకున్నాయి. బొమ్మలు కదిలాయి. వందల మంది నోళ్లలోంచి ఒక్కసారిగా "ఆఁ" అని వచ్చింది. ఆరువందల ఏళ్లుగా ఎవరో ఒకాయన చెయ్యి తగులుతూ వచ్చిన చక్రాలు తన ఎదురుగా తిరుగుతున్నాయి. పుల్లేశ్వరరావు కళ్లు చెమర్చాయి. నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడు అనుకున్నాడు. నాన్నకు చూపిస్తున్నట్టుగా ఫోను పైకెత్తి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కోడి కూసేదాకా నొక్కుతూనే ఉన్నాడు. గంట కొట్టడం ఆగాక చెంపలు తుడుచుకుని, "అయింది సార్," అన్నాడు.

"అవగాహన సంపూర్ణం," అని కమిషనర్ ప్రకటించాడు. బ్యానర్ చుట్టేశారు. అటునుంచి అటే విమానాశ్రయం.

*

సోమవారం కమిషనర్ తన గదికి పిలిపించాడు. బల్ల మీద ఫోను ఉంది. అందులో పదకొండు ఫోటోలున్నాయి. పదకొండింటిలోనూ గడియారం దివ్యంగా ఉంది. బొమ్మలున్నాయి, అస్థిపంజరం ఉంది, కోడి ఉంది. అడుగున, తలల మీదికి ఎత్తి పట్టిన బ్యానర్ పై అంచు ఉంది.

"మా తలకాయలేవండీ?" అన్నాడు కమిషనర్.

పుల్లేశ్వరరావు వంగి చూశాడు. తలకాయలు లేవు. ఎంత వెతికినా లేవు. "పొరపాటైపోయింది సార్. పైకి చూస్తూ ఉండిపోయాను."

"చూడ్డానికా మిమ్మల్ని తీసుకెళ్లింది?" కమిషనర్‌కు నిజంగానే కోపం వచ్చింది. ఇరవై గళ్లు పచ్చగా, ఒకటి ఎర్రగా ఉన్నాయి. ఎర్రగడి ఉన్నంతకాలం స్తంభం కూలదు, అక్షరాలు రావు. అక్షరాల ఆవిష్కరణకు ముహూర్తం కూడా పెట్టేశారు. అయితే యాప్‌లో ఒక వెసులుబాటు ఉంది. సాంకేతిక కారణాలవల్ల ఎక్కని ఫోటోను పదిహేను రోజుల్లోపు తర్వాత ఎక్కించుకోవచ్చు.

కమిషనర్ ఆలోచించి బృందాన్ని సమావేశపరిచాడు. "ప్రాగ్ గడియారం ఎలా ఉంటుందో మీలో ఎవరైనా చూశారా?"

ఏడు తలలూ అడ్డంగా ఊగాయి.

"చూడలేదు కదా. స్వయంగా వెళ్లిన మనకే తెలియనప్పుడు, ఫోటోలు చూసే పై ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? మనకు కావలసింది ఒక పాత గడియారం, ఎనిమిది ముఖాలు. మన ఊళ్లో పాత గడియారం ఉందా లేదా?"

ఉందని ఏకగ్రీవంగా తీర్మానమైంది.

మంగళవారం పొద్దున పదిన్నరకు, మే నెల ఎండలో, కొమ్ములపేట గంటస్తంభం కింద ఎనిమిది మంది ఉన్నికోట్లు తొడుక్కుని, మెడలకు మఫ్లర్లు చుట్టుకుని, బ్యానర్ పట్టుకుని నిలబడ్డారు. ఆటోలు కనిపించకుండా ఇద్దరు జవాన్లు రోడ్డు ఆపారు. ఎదురుగా టీకొట్టు వెంకాయమ్మ గ్లాసులు కడుగుతూ అడిగింది.

"బాబుగారూ, చలిజొరమా ఏంటండీ? అందరికీ ఒకేసారొచ్చిందే?"

"అధికారిక కార్యక్రమం. అడ్డు తప్పుకో," అన్నాడు కమిషనర్, చెమట కళ్లలో పడుతుంటే రెప్పలు కొట్టుకుంటూ.

పుల్లేశ్వరరావు ఫోను ఎత్తాడు. నూట రెండేళ్లలో ఇంతమంది పెద్దలు ఒక్కసారిగా ఈ గడియారం కిందికి రావడం ఇదే మొదలు. వచ్చీ వీపే పెట్టారు. ఈసారి తలకాయలన్నీ వచ్చాయి. వెనకాల గడియారంలో పది నలభై అయింది. సీతారావమ్మ గారు కళ్లు మూసేశానంటే, ముఖం తుడుచుకుని బొట్టు సరిచేసుకునేదాకా ఆగి, పది నలభై మూడుకు ఇంకోటి తీశాడు.

"సార్," అన్నాడు, ఫోను చూపిస్తూ. "ఫోటో కింద అంకెలు పడుతున్నాయి సార్. ఎక్కడ తీశామో..."

"అంకెలు పడితే మంచిదేగా. నమ్మకంగా ఉంటుంది," అన్నాడు కమిషనర్ కోటు విప్పుకుంటూ. "రెండూ పంపించెయ్యండి. ఏది బావుంటే అది వాళ్లే తీసుకుంటారు."

చెప్పవలసింది చెప్పాడు. పంపమన్నవి పంపాడు. సాయంత్రానికి ఎర్రగడి పచ్చబడింది. ఆ వెంటనే, ఏ మనిషి చెయ్యీ తగలకుండా, కూల్చివేతకు అనుమతి దానంతటదే వచ్చింది.

*

శుక్రవారం పొద్దున పుల్లేశ్వరరావు హ్యాండిలు పట్టుకుని వచ్చేసరికి స్తంభం పక్కన జేసీబీ నిలబడి ఉంది. దానికి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టారు. పదకొండుంబావుకు ముహూర్తం. అతను అరవై నాలుగు మెట్లూ ఎక్కాడు. మరో రెండు గంటల్లో ఉండని గడియారానికి వారం రోజులకు సరిపడా కీ ఇచ్చాడు. సగం ఇవ్వడం అతనికి చేతకాదు. కూర్చుని కాసేపు ఏడ్చాడు. తర్వాత కండువాతో ఇత్తడి చక్రాల మీది దుమ్ము తుడిచి కిందికి దిగాడు.

కింద బ్యాండు మేళం, కొబ్బరికాయలు, కమిషనర్, చైర్‌పర్సన్, మెంబర్లు. పదిన్నరకు వాళ్ల మధ్యలోకి ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి నామం పెట్టుకున్న ఒక బక్కపల్చటి మనిషి దిగాడు.

"నేను పర్యటన ధ్రువీకరణ విభాగం ప్రత్యేకాధికారిని. భాష్యకారాచార్యులు అంటారు," అని చెప్పి, రెండు ఫోటోలు బయటకు తీశాడు. "ఇరవై ఒకటవ కట్టడం. తమరు పంపినవే కదా? కట్టడం ఉన్న స్థలం ప్రాగ్ నగరం అని తమరి బృందంలో ముగ్గురు సంతకాలు చేశారు. ఫోటో కిందనున్న అక్షాంశ రేఖాంశములు మాత్రం ఇదిగో, నేను నిలబడి ఉన్న ఈ చోటువి."

కమిషనర్ పుల్లేశ్వరరావు వైపు చూశాడు. అంకెలు పడ్డాయని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది, చూపు మళ్లీ తిప్పేసుకున్నాడు.

"విభాగం దృష్టిలో రెండే అవకాశములు," అన్నాడు ఆచార్యులు. "ఒకటి, తమరు ప్రాగ్ వెళ్లలేదు."

"వెళ్లాం సార్! ఇరవై ఫోటోలున్నాయి, మేడమ్ పులిహోర పెట్టారు కూడా!"

"అవును, ఆ ఇరవై సక్రమముగానే ఉన్నవి. కావున మొదటి అవకాశం కొట్టివేయడమైనది. ఇక మిగిలింది రెండోది. ఈ కట్టడం ప్రాగ్ నుంచి ఇక్కడికి వచ్చింది."

బ్యాండువాళ్లు వాయించడం ఆపారు. కమిషనర్ దక్షిణామూర్తి ఒక క్షణం ఆలోచించాడు. దొంగ ఫోటో అని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. స్తంభం ప్రాగ్ నుంచి వచ్చిందంటే పోయేదేమీ లేదు.

"అయి ఉండొచ్చు సార్," అన్నాడు.

"నిశ్చయముగా చెప్పండి."

"అయింది సార్. వచ్చింది."

"అటులైన ఇది విదేశీ ప్రభుత్వపు ఆస్తి," అన్నాడు ఆచార్యులు ఏ తొట్రుపాటూ లేకుండా. "ఎటుల వచ్చినది, ఎప్పుడు వచ్చినది, ఎవరు తెచ్చినది అనే మూడు అంశములపై విచారణ జరుగును. అది తేలువరకు ఒక్క ఇటుక కదలరాదు. యథాతథ స్థితి. ఆ యంత్రమును తీసివేయించండి."

జేసీబీ నిమ్మకాయలతో సహా వెనక్కి వెళ్లింది. పుల్లేశ్వరరావు స్తంభం అరుగు మీద కూర్చున్నాడు. అంతలో ఆచార్యులు ఫోటోనూ, పైనున్న గడియారాన్నీ మార్చి మార్చి చూసి చిరాకుపడ్డాడు.

"ఫోటోలో పది నలభై. అక్కడ పది యాభై ఆరు. సాక్ష్యం మారిపోతున్నది! ముళ్లను పది నలభై దగ్గర ఆపించండి. తక్షణమే."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పుల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఎదురు మాట్లాడడం జన్మలో ఎరగనివాడు ఆవేళ మాట్లాడాడు.

"అయ్యా, తమరి చేతిలో రెండు ఫోటోలున్నాయి. రెండోదాంట్లో పది నలభై మూడు."

ఆచార్యులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "అంటే... సాక్ష్యం నడుచుచున్నది."

"అవునయ్యా. ఆపితే యథాతథ స్థితి చెడిపోతుందేమోనని."

"చెడిపోవును! నిస్సందేహముగా చెడిపోవును. నడుచుటయే దీని యథాతథ స్థితి." కాగితం తీసి రాయసాగాడు. "విచారణ ముగియువరకు దీనిని నడుపుచునే ఉండవలెను. నడుపుచున్నదెవరు?"

"నేనేనయ్యా. వారం వారం కీ ఇస్తాను."

"ఏ హోదాలో?"

సీనియర్ అసిస్టెంటు హోదాలో కాదు. జీతం తీసుకుంటున్న హోదాలోనూ కాదు.

"అంకయ్య కొడుకు హోదాలోనయ్యా," అన్నాడు.

"అట్టి హోదా నిబంధనలలో లేదు," అన్నాడు ఆచార్యులు. కలం ఆపి అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. మళ్లీ రాశాడు. "సాక్ష్య సంరక్షకుడు అని వేయుచున్నాను. విచారణ ముగియువరకు మీకు పదవీ విరమణ వర్తించదు."

"విచారణ ఎప్పటికి ముగుస్తుంది సార్?" అని కమిషనర్ నీరసంగా అడిగాడు.

"మొదట నేను ప్రాగ్ వెళ్లి, అక్కడ ఏమేమి లేవో చూసి రావలెను. ఆ పర్యటనకు వరుసలో ఇప్పుడు నా ముందు నూట నలభై మంది ఉన్నారు."

అప్పుడే పైన గంట కొట్టింది. ఒకటి, రెండు, మూడు. భాష్యకారాచార్యులు ఉలిక్కిపడి తలెత్తాడు. ఆయన్ని చూసి సీతారావమ్మ గారు తలెత్తారు, మెంబర్లు తలెత్తారు, ఆఖరికి దక్షిణామూర్తి కూడా మెడ నిక్కించాడు. వెంకాయమ్మ మాత్రం తల ఎత్తకుండానే పదకొండింటి పాలు పొయ్యి మీద పెట్టింది.

"ఇది మోగుతుందా కూడా?" అన్నాడు ఆచార్యులు.

"రోజూ మోగుతుందయ్యా."

ఆచార్యులు కలం మూత పెట్టబోయినవాడు ఆగాడు. పదకొండూ పూర్తయ్యేదాకా తలెత్తి విని, కాగితం మీద ఇంకో వాక్యం చేర్చాడు. మోత కూడా యథాతథముగా ఉండవలెను.